నాలుగడుగులు

గుత్తిలో రైల్వే గేటు దాటి ఎడమ సందులోకి తిరిగితే ఒక రేకుల హాలు వస్తుంది. ఒకప్పుడు వేరుశనగ గోదాము. ఇప్పుడు ఒక సేవాసంఘం వాళ్లు అద్దెకు తీసుకుని, ప్రతి శనివారం పదింటికి అందులో కుర్చీలు గుండ్రంగా వేస్తారు. లింగన్నకు ఆ గుండ్రమే పడదు. వరసగా వేస్తే ముందువాడి వీపు చాటున దాక్కోవచ్చు. గుండ్రంగా వేస్తే ఎటు తిరిగినా ఎవడో ఒకడి కళ్లు తగులుతాయి. పది నిమిషాలు కూర్చున్నాడంటే అతని కుడికాలు దానంతటదే ఆడటం మొదలుపెడుతుంది. దాన్ని పట్టి ఆపితే ఎడమకాలు అందుకుంటుంది.

"ఏమప్పా లింగన్నా, కుట్టుమిషను తొక్కుతాండావా?" అని సుంకమ్మ ప్రతి వారం అడుగుతుంది.

ఇది తాగుబోతుల మీటింగే కానీ ఉత్త తాగుబోతులు వచ్చేది కాదు. తాగుడు వెనక ఏదో ఒక దెబ్బ ఉన్నవాళ్లే వస్తారు. సుంకమ్మది బేల్దారి పని. మూడో అంతస్తుకు కట్టిన కర్రల సారువ మీది నుంచి మొగుడు ఆమె కళ్లముందే జారి పడ్డాడు. బట్టల కొట్టు విజయభాస్కర్ శెట్టి కారు నడుపుతుంటే పక్క సీట్లో తమ్ముడు పోయాడు. ఆ తర్వాత శెట్టి కూల్‌డ్రింకు సీసాలో బ్రాందీ కలుపుకుని కొట్లోనే కూర్చునేవాడు. మీటింగు నడిపే కృపాకుమారి ఇదివరకు నర్సు. నలభై ఏళ్ల మనిషి, మాట కరుకు. "తాగుడొక్కటే మాన్పిస్తే లోపలి దెబ్బ మళ్లా తాగిపిస్తాది. దెబ్బ ఒక్కటే మాన్పుదామంటే సీసా దాన్ని మళ్లా కెలుకుతాది. రెండూ ఒకే తూరి పట్టుకోవల్ల" అంటుంది.

ఆమె పెట్టిన నియమాలు రెండే. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు అడ్డం రాకూడదు. ఎవరూ ఎవరికీ సలహా చెప్పకూడదు, ఓదార్చకూడదు. ఎవరిది వాళ్లు చెప్పుకోవాలి. మన జనానికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. పక్కవాడు తుమ్మితే మూడు మందులు చెప్పే జాతి మనది. మొదటి నెలంతా శెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు పాపం.

లింగన్నకు ఆ నియమాలు బాగానే కుదిరాయి, ఎందుకంటే అతను ఏమీ చెప్పేవాడు కాదు. తొమ్మిది వారాలుగా అతని కథ ఒకటే ముక్క. "ఒక చేనికాడ ఒగాయన శవాన్ని నేనే ముందు చూసినా. ఆ పొద్దునుంచి నిద్ర లేదు. తాగితేనే పడతాది." ఏం పని చేసేవాడివి అంటే సేద్యమనేవాడు. అది అబద్ధం. లింగన్న బోరు పాయింట్లు పెట్టేవాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేలో నడిచేవాడు. నీళ్లున్న చోట టెంకాయ నిటారుగా లేస్తుంది, అక్కడ రాయి పెడతాడు, మర్నాడు బోరు లారీ వస్తుంది. టెంకాయకు నీళ్లు తెలుస్తాయా అని నన్నడగొద్దు. ఈ నేల మీద వానను నమ్మినవాళ్లూ ఉన్నారు, వాళ్లకంటే ఇది ఏం తక్కువ?

అలాగని లింగన్న దొంగ కాదు. కొన్ని చేలల్లో టెంకాయ నిజంగానే లేచిందని ఇప్పటికీ ఒట్టేస్తాడు. ఆ పని మానేసి నాలుగేళ్లయింది. సీసా ముట్టక అరవై రెండు రోజులైంది.

పదో శనివారం హాల్లోకి కొత్త మనిషి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. గడ్డం మాసి, కళ్లు పసుపెక్కి, వచ్చిన బస్సు తాలూకు దుమ్ము ఇంకా తల మీదే ఉంది. లింగన్న అతన్ని చూసి తల దించుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దించుకోవడంతోనే పట్టుబడ్డాడు.

"లింగన్న మామా! నువ్వూ ఈడికే వచ్చినావా?" అన్నాడు కుర్రాడు. గొంతులో కోపం లేదు, మర్యాదే ఉంది. లింగన్నకు ఆ మర్యాదే గుచ్చుకుంది.

కృపాకుమారి పేరడిగింది. అనిల్ కుమార్ అన్నాడు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకుంటే లేదు అంది. అతను కూర్చున్న వెంటనే చెప్పడం మొదలుపెట్టాడు. చాలాకాలం ఎవరూ అడగనివాళ్లు అలాగే చెబుతారు.

"మాది విడపనకల్లు పక్కన పల్లె. మా నాయన పేరు ఎర్రన్న. ఎకరన్నర మిరప పెట్టినాము. ఐదు బోర్లు పోయినాయి. ఆరోదానికి ఈ మామనే పాయింటు పెట్టినాడు. టెంకాయ ఇట్ల లేచి నిలబడింది, నా కండ్లతో చూసినా. తెల్లారి బోరు లారీ వచ్చింది. సరిగ్గా రాయి మీదికి రావల్లంటే రెండు సాళ్ల మిరప తొక్కల్ల. కాయ పట్టిన చెట్లప్పా. నాకు మనసు ఒప్పల్యా. నాయన లారీవాళ్లకు అన్నం తెచ్చేకి ఇంటికి పోయిండాడు. నేనే లారీవానికి చెప్పి పక్కకు పెట్టిచ్చినా. నాలుగడుగులు. ఏడువందల అడుగులు పోయినా దుమ్మే లేసింది."

హాల్లో ఎవరూ కదల్లేదు. ఒక్క లింగన్న కాలు తప్ప.

"మామ వచ్చి చూసినాడు. పాయింటు మీద వేయకుంటే నీళ్లు యాడ పడతాయిరా అన్న్యాడు. నిజమే కదా. నాయన నా పక్కకు తిరిగి చూసినాడు. ఒక్క మాట అనల్యా. తెల్లారేసరికి ఆ గుంత పక్కనే ప్రాణం తీసుకోనిండాడు. రెండు సాళ్ల మిరపకాయలు ఎవరూ కోయల్యా, చెట్టుమీదే ఎండిపోయినాయి. మా అమ్మ నాతో మాట్లాడి నాలుగేండ్లయింది. అన్నం పెడతాది, గుడ్డలు ఉతుకుతాది. మాటైతే లేదు."

అప్పుడే బయట రోడ్డు మీద ఏదో బరువైన లారీ పోయింది. బోరు లారీ అవునో కాదో, లింగన్న చెవుల్లో మాత్రం కంప్రెసరు మోగింది. తెల్లటి రాతిపిండి కళ్లముందు లేచింది. ఆ పిండి ఎర్రన్న జుట్టు నిండా, కనుబొమల మీదా పేరుకుని ఉండటం కనిపించింది. శవాన్ని ముందుగా చూసిన ఆ ఉదయం కూడా అలాగే కనిపించింది. ఎవరో జొన్నపిండి జల్లినట్టుంది అనుకుంటూ దగ్గరకు పోయాడు.

లింగన్న లేచాడు. బయటికి పోయి రావచ్చు, తిరిగి రావాలి అన్నది కృపాకుమారి మాట. అతను పోయాడు, తిరిగి రాలేదు. కాలుకాలిన పిల్లిలా గుత్తి అంతా తిరిగాడు. కోట కిందికి పోయాడు, బస్టాండుకు పోయాడు, ఊరికి పోయే బస్సెక్కి మళ్లీ దిగిపోయాడు. మూడు గంటలప్పుడు వైన్ షాపు ముందు వరసలో నిలబడి ఉన్నాడు. అరవై రెండు రోజులు అరక్షణంలో పోయాయి.

అసలు సంగతి ఇది. ఆ పొద్దు ఎర్రన్న చేలో టెంకాయ లేవలేదు. చేను ఈ మూల నుంచి ఆ మూల దాకా రెండు తడవలు నడిచినా అరచేతిలో చచ్చినట్టు పడుకుంది. ఆ నెలలో అప్పటికే లింగన్న పెట్టిన పాయింట్లు నాలుగు పోయాయి. పల్లెల్లో గుసగుసలు మొదలయ్యాయి. పైగా పొద్దున్నే రైతు మర్యాదగా పోయించిన మందు తలలో ఉంది. ఎర్రన్న తల స్నానం చేసి, కర్పూరం పట్టుకుని వెనకే వస్తున్నాడు. పెళ్లాం ఆదిలక్ష్మి గట్టు మీద నిలబడింది. కొడుకు ఊపిరి బిగబట్టుకున్నాడు. ఇంతమంది ఆశ ముందు లేదు అనడానికి గుండె కావాలి. లింగన్నకు లేకపోయింది. మిరప సాళ్ల దగ్గర బొటనవేలితో టెంకాయను రోంత తోశాడు. అది లేచి నిలబడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. బోరు ఎండిపోయాక తన పేరు నిలుపుకోవడానికి పద్దెనిమిదేళ్లు కూడా సరిగా దాటని పిల్లోడి మీదికి తోశాడు. పాయింటు మీద వేయకుంటే నీళ్లు యాడ పడతాయిరా. ఆ మాట అన్నప్పుడు అతని మనసు తేలికపడింది. అదే అతను ఇప్పటికీ మింగలేకపోతున్న ముద్ద.

ఆ వారం ఆరు రోజులు తాగాడు. ఏడో రోజు సుంకమ్మ అతన్ని మార్కెట్టు దగ్గర పట్టుకుంది. కృపాకుమారి నియమాలు సుంకమ్మకు మీటింగు వరకే. "మొగోడివి కాదా, లేసి స్నానం చెయ్యి. రేపు రాకుంటే మీ ఇంటికొచ్చి ఈడ్చుకుపోతా" అంది. అనగలిగే మనిషే కాబట్టి లింగన్న వచ్చాడు.

"ఎన్ని రోజులు?" అని కృపాకుమారి అందరినీ అడిగినట్టే అడిగింది.

"నిన్నటి నుంచి. ఒగటి" అన్నాడు లింగన్న. ఆమె తలూపి ముందుకు పోయింది. ఆ తలూపడంలో తిట్టు లేదు. తిట్టి ఉంటే లేచి పోవడానికి అతనికి సాకు దొరికేది.

అనిల్ వంతు వచ్చింది. నేల మీదికే చూస్తూ చెప్పాడు. "ఈ వారం రోజూ ఆ బోరు కాడికే పోయినా. గుంతకు రాయి మూసిండారు. దాని పక్కన పండుకుంటే రోంత నెమ్మదిగుంటాది. ఇంగ ఆడనే ఉండిపోతే మేలు కదా అనిపిస్తాంది."

కృపాకుమారి పెన్ను కింద పెట్టింది. "చావల్ల అనిపిస్తాందా, అనిల్?" అని సూటిగానే అడిగింది.

"ఊ" అన్నాడు.

"చెప్పినావు, మంచి పని చేసినావు. ఈ పొద్దు నిన్ను ఒంటిగా పంపను. మీ ఇంటిదాకా నేనే వస్తా, డాక్టరు దగ్గరికి కూడా పోదాము" అంది.

లింగన్న రెండు కాళ్లూ ఒకేసారి ఆడుతున్నాయి. కుర్చీ టకటకమంటోంది. నోరు మూసుకుంటే ఈ పిల్లోడు గుంత పక్కన మిగిలిపోతాడు. తెరిస్తే ఈ జిల్లాలో తనకు తలెత్తుకునే ఊరు ఉండదు. తాను పెట్టిన పాయింట్లలో పోయిన ప్రతి బోరుకీ రేపు ఒక మనిషి వచ్చి గల్లా పట్టుకుంటాడు. ఇద్దరికీ దెబ్బ తగలకుండా బయటపడే దారి ఒకటి కనిపించింది. అదే పట్టుకున్నాడు.

"అనిల్, నీ తప్పేం లేదప్పా. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు.

"లింగన్నా" అంది కృపాకుమారి. "ఓదార్పులొద్దు. నీది ఏమన్నా ఉంటే చెప్పు."

ఆ దారి కూడా మూసుకుపోయింది. లింగన్న లేచి నిలబడ్డాడు. తలుపు వైపు రెండడుగులు వేశాడు. సుంకమ్మ కాలు అడ్డం పెట్టిందో, తనకే అలా అనిపించిందో, వెనక్కి తిరిగాడు.

"టెంకాయ లేయల్యా" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు, ఈసారి అరిచినట్టే వచ్చింది గొంతు. "మీ చేలో టెంకాయ లేయల్యా అనిల్. నేనే లేపినా. ఈ బొటనేలితో. రెండు తూర్లు తిరిగినా ఆడ నాకేం తెలియల్యా. మీ నాయన మొగం చూసి లేదని చెప్పలేకపోయినా. నా పేరు పోతాదని భయపడినా. తాగిండాను. నేను రాయి పెట్టింది ఉత్త నేల మీద. బోరు ఎండిపోయినాక ఆ నింద నీ మీదికి తోసినా. నువ్వు మిరప చెట్లు కాపాడుకున్యావు, అంతే. నేను మీ కొంప ముంచినా."

అనిల్ కుర్చీ వెనక్కి పడింది. అతను ఎప్పుడు లేచాడో ఎప్పుడు వచ్చాడో తెలీదు, లింగన్న చొక్కా గుండీలు రెండు తెగి నేల మీద దొర్లాయి. శెట్టి వెనక నుంచి అనిల్‌ను పట్టుకున్నాడు. లింగన్న చేతులెత్తలేదు. కొడితే బాగుండుననే అనుకున్నాడు. కొట్టించుకోవడం చెప్పుకోవడం కంటే సులువు.

అనిల్ కొట్టలేదు. ఊపిరి అందక వంగి మోకాళ్లు పట్టుకున్నాడు. అలాగే తలెత్తి అడిగాడు. "నాలుగేండ్లు. రోజూ కొలుస్తాంటి మామా ఆ నాలుగడుగులు. ఆడికీ ఈడికీ నడిచి కొలుస్తాంటి. పాయింటు మీదే వేసింటే?"

"తెలీదు నాయనా. నా రాయికీ నీళ్లకూ సంబంధం లేదు."

"ఈ మాట మా అమ్మకు చెప్పల్ల" అన్నాడు అనిల్. "ఈ పొద్దే. ఇప్పుడే."

కృపాకుమారితో కలిసి ముగ్గురూ బయలుదేరారు. గుంతకల్లులో బస్సు మారాలి. బస్టాండు ఎదురుగానే వైన్ షాపు, మధ్యాహ్నమే కిటకిటలాడుతోంది. లింగన్న నాలుక ఎండి అంగిటికి అతుక్కుంది. ఒక్క క్వార్టరు పడితే మాట తడబడకుండా వస్తుంది, ఆడమనిషి ముందు నిలబడే ధైర్యం వస్తుంది అని లోపల ఎవరో చెబుతున్నారు. అతని చూపు ఎటు పోతోందో అనిల్ చూశాడు. అనిల్ చూపూ అటే ఉంది.

"పో మామా, తాగి రా. తాగినోడు చెప్పిన మాట మా అమ్మ నమ్మదు. నీకు పీడ పోతాది" అన్నాడు.

కృపాకుమారి ఇద్దరినీ బస్సెక్కించి తలుపు దగ్గర సీట్లో తాను కూర్చుంది. దారి పొడవునా బీడు చేలు, ఎండిన జొన్న మోళ్లు, చేనుకొకటిగా పైకి తేలిన బోరు గొట్టాలు. వాటిలో కొన్ని తనవే. లింగన్న కిటికీ వదిలి తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఏం చెప్పాలో వరస పెట్టుకున్నాడు, అది తప్పిపోయింది, మళ్లీ మొదట్నుంచి పెట్టుకున్నాడు.

ఆదిలక్ష్మి వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వేరేవాళ్ల కాయలు, మూటకింత అని కూలి. గుమ్మం ముందు ముగ్గురు నిలబడితే తలెత్తింది. లింగన్నను గుర్తుపట్టింది. చేతులు ఆపలేదు.

లింగన్న కూర్చోలేదు, కూర్చోమని ఆమె అననూ లేదు. బస్సులో పెట్టుకున్న వరసంతా మరిచిపోయాడు. వచ్చింది వచ్చినట్టు చెప్పాడు: టెంకాయ లేవకపోవడం, బొటనవేలు, పిల్లోడి మీద వేసిన నింద. "నీ కొడుకు తప్పు లేదమ్మా. వానితో మాట్లాడు. శిక్షేదో నాకు వెయ్యి" అన్నాడు చివరికి.

ఆదిలక్ష్మి చేతిలో కాయకు తొడిమ తీసి బుట్టలో వేసింది.

"తెలుసు" అంది.

లింగన్న వినబడనట్టు చూశాడు.

"నాకు తెలుసు. ఆ పొద్దు నేను గట్టుమీద నిలబడిండాను. నీ బొటనేలు కదిలింది నేను చూసినా."

అనిల్ గోడకు చెయ్యి ఆనించాడు.

"చూసి గమ్మునుంటి" అంది ఆమె. ఇప్పుడు చేతులు ఆగాయి. "ఆ కాయలు కండ్లముందు వాడిపోతాండె. లేదంటే ఆయన ఆపొద్దే కూలబడతాడు. ఏమో, తోసిన చోటైనా నీళ్లు పడతాయేమో అనుకుంటి. ఆశ. నోరు తెరిచి వద్దనింటే లారీ వచ్చేదే కాదు. వీడేమో నాలుగడుగులు, నాలుగడుగులు అని ఏడుస్తాండె. చెప్పల్లని నోటిదాకా వస్తాండె. చెబితే, మరి ఆ పొద్దే ఏంటికి చెప్పల్యా అమ్మా అంటాడు కదా. యా మొగం పెట్టుకోని మాట్లాడల్ల వీనితో? మాటే మానేసినా."

ఇన్నాళ్లూ లింగన్న తప్పంతా తనదే అనుకుని తాగాడు. అనిల్ అంతా తనదే అనుకుని తాగాడు. ఈమె తాగడానికి కూడా లేక, పక్క గదిలో కొడుకు చస్తుంటే తొడిమలు తీసుకుంటూ కూర్చుంది.

"నాయనకు తెలుసా?" అన్నాడు అనిల్. నాలుగేళ్ల తర్వాత తల్లిని అడిగిన మొదటి మాట అది.

అబద్ధం ఆడాలా అన్న ఆలోచన ఆదిలక్ష్మి ముఖంలో వచ్చి పోవడం లింగన్నకు స్పష్టంగా కనిపించింది. ఆ ఆలోచన అతనికి బాగా పరిచయం.

"లేదు నాయనా" అంది. "ఆయన కండ్లు మూసుకోని మొక్కుతాండె."

"అయితే నాదే తప్పనుకోని పోయినాడు."

"ఊ" అంది తల్లి. "అట్లే పోయినాడు."

అనిల్ గోడ పట్టుకునే కిందికి జారి కూర్చున్నాడు. ఆదిలక్ష్మి కాయల మీది నుంచి లేచి వచ్చింది. ముఖం పట్టుకోబోయి ఆగింది, చేతుల నిండా మిరపకారం. ఆ చేతులు దూరంగా చాపి, మోచేతులతోనే కొడుకు తలను రొమ్ముకు అదుముకుంది. అప్పుడు వాడు ఏడ్చాడు, చిన్నపిల్లోడిలా గట్టిగా. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. కృపాకుమారి వాళ్లను లోపలికి పొమ్మని సైగ చేసింది.

లింగన్న గుమ్మం బయట ఎండలో ఉన్నాడు. అతన్ని ఉండమని గానీ పొమ్మని గానీ ఎవరూ అనలేదు. పొమ్మనేదాకా ఉండాలని నిలబడ్డాడు.